నేల తేమ సెన్సార్ల అమరిక, వైరింగ్ – క్షేత్రస్థాయి మెలకువలు

బోరుబావుల కింద సాగయ్యే పంటలలో నీరు ఎప్పుడు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి అనే నిర్ణయం నేటికీ చాలావరకు అలవాటు మీద, మోటారుకు కరెంటు వచ్చే వేళల మీద ఆధారపడి జరుగుతున్నది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో మొదలైన సూక్ష్మ సేద్య పథకం వలన బిందు సేద్యం విస్తరించి, నీటిని మొక్క మొదటికి చేర్చే సాధనం రైతుకు అందింది. ఆ మొదట ఎంత తేమ ఉన్నదో తెలిపే సాధనంగా ఇప్పుడు నేల తేమ సెన్సార్లు పరిశోధనా క్షేత్రాలలోనూ, ప్రదర్శనా క్షేత్రాలలోనూ, విద్యార్థుల ప్రాజెక్టులలోనూ వాడుకలోకి వస్తున్నాయి.

అయితే సెన్సార్ ఎంపికపై చూపే శ్రద్ధ దానిని నేలలో పాతడంపైన, తీగలు కలపడంపైన చూపకపోతే ఫలితం తలకిందులవుతుంది. ఒక చిన్న లెక్క దీనిని స్పష్టం చేస్తుంది. ఒక ఎర్ర ఇసుక నేలలో క్షేత్ర సామర్థ్యం 18 శాతం, శాశ్వత వడలు స్థితి 8 శాతం అనుకుందాం. లభ్యమయ్యే తేమలో సగం తగ్గినపుడు, అంటే 13 శాతం వద్ద, నీరివ్వాలని నిర్ణయిస్తే 30 సెం.మీ. వేరు మండలానికి ఒక తడికి 15 మి.మీ. నీరు చాలు. సెన్సార్ వాస్తవం కంటే 3 శాతం తక్కువ చూపితే, నేలలో ఇంకా 16 శాతం తేమ ఉండగానే తడి ఇవ్వడం జరుగుతుంది. అప్పుడు నేలకు కావలసినది 6 మి.మీ. మాత్రమే, మిగిలిన 9 మి.మీ. వేరు మండలం దాటి కిందికి పోతుంది. ఎకరాకు ఇది సుమారు 36 వేల లీటర్లు. సెన్సార్ 3 శాతం ఎక్కువ చూపితే అసలు తేమ 10 శాతానికి పడిపోయేదాకా తడి ఆలస్యమై, పంట వడలు స్థితికి చేరువవుతుంది.

ఈ 3 శాతం తేడా రావడానికి సెన్సార్ పాడై ఉండనక్కరలేదు. దాని చుట్టూ సన్నని గాలి పొర మిగిలినా, తీగ అతుకులో తేమ చేరినా చాలు. ఇటువంటి లోపం డేటాలాగర్‌లో లోపంగా నమోదు కాదు, తేమ శాతంగానే నమోదవుతుంది. సెన్సార్ల అమరికలో అసలు చిక్కు ఇదే.

సెన్సార్ దేనిని కొలుస్తుంది?

క్షేత్రంలో వాడే సెన్సార్లు ప్రధానంగా రెండు తరగతులు. మొదటి తరగతి నేల నీటిని ఎంత గట్టిగా పట్టి ఉంచిందో తెలుపుతుంది. టెన్షియోమీటర్, జిప్సం దిమ్మె, గుళికల మిశ్రమంతో చేసిన నిరోధక సెన్సార్లు ఈ కోవకు చెందుతాయి. అమెరికాలోని మిచిగన్‌లో బొయొకోస్, మిక్ అనే శాస్త్రవేత్తలు 1940లో జిప్సం దిమ్మె పద్ధతిని ప్రచురించారు. దిమ్మె చుట్టూ ఉన్న నేలతో పాటు తడుస్తుంది, ఆరుతుంది. తడిసినపుడు లోపలి రెండు ఎలక్ట్రోడుల మధ్య విద్యుత్ నిరోధం తగ్గుతుంది, ఆరినపుడు పెరుగుతుంది.

రెండవ తరగతి నేల ఘనపరిమాణంలో నీటి శాతాన్ని తెలుపుతుంది. నీటి విద్యుద్రోధక స్థిరాంకం సుమారు 80. నేల ఖనిజాలకు అది 3 నుంచి 5 వరకు, గాలికి 1 మాత్రమే. అందువలన నేల స్థిరాంకాన్ని కొలిస్తే తేమను అంచనా వేయవచ్చు. కెనడాలో టాప్, డేవిస్, అన్నన్ 1980లో ఈ రెండింటి సంబంధాన్ని తెలిపే సమీకరణాన్ని ఇచ్చారు. నేటి కెపాసిటెన్స్ సెన్సార్లు కూడా ఈ స్థిరాంకం మీదనే ఆధారపడి పనిచేస్తాయి.

ఏ తరగతి సెన్సార్ అయినా తనను తాకి ఉన్న కొద్దిపాటి మట్టి గురించే చెబుతుంది. చాలా సెన్సార్లకు ఆ పరిధి ఒక లీటరు లేదా అంతకంటే తక్కువ. ఎకరా పొలంలో 30 సెం.మీ. లోతు వరకు ఉన్న మట్టి సుమారు 12 లక్షల లీటర్లు. ఆ ఒక్క లీటరు పొలానికి సరైన ప్రతినిధి కావాలంటే స్థలం ఎంపిక, అమరిక రెండూ సరిగా ఉండాలి.

స్థలం, లోతు ఎంపిక

పొలంలో అధిక భాగానికి ప్రతినిధిగా ఉండే నేలను ఎన్నుకోవాలి. గట్ల పక్కన, చెట్ల నీడలో, నీరు నిలిచే పల్లంలో, లేటరల్ గొట్టం చివర, లీకయ్యే జాయింట్ల దగ్గర సెన్సార్ పెట్టరాదు. నేల స్వభావం రెండు రకాలుగా ఉంటే రెండు చోట్లా అమర్చవలసి ఉంటుంది. ఎంచుకున్న చోట మొక్క ఆరోగ్యంగా, సగటు ఎదుగుదలతో ఉండాలి. మొక్క చనిపోయిన చోట తేమ తగ్గదు కనుక సెన్సార్ ఎప్పుడూ తడిగానే చూపుతుంది.

బిందు సేద్యంలో సరిగ్గా డ్రిప్పర్ కింద పెడితే ఎప్పుడూ అధిక తేమ, తడిసే పరిధికి బయట పెడితే ఎప్పుడూ ఎండు నేల కనిపిస్తాయి. కూరగాయలు, మిరప వంటి పంటలలో డ్రిప్పర్‌కు 10–15 సెం.మీ. ఎడంగా, మొక్క వరుసలో అమర్చడం అనుకూలం. ప్రతి చోటా రెండు లోతులు అవసరం. పై సెన్సార్ చురుకైన వేళ్ళు ఉండే 15–20 సెం.మీ. లోతులోనూ, కింది సెన్సార్ వేరు మండలం అడుగున 35–45 సెం.మీ. లోతులోనూ ఉండాలి. పండ్ల తోటలలో ఈ లోతులు సుమారు 30, 60 సెం.మీ. పై సెన్సార్ ఎప్పుడు తడి ఇవ్వాలో చెబితే, కింది సెన్సార్ ఎప్పుడు ఆపాలో చెబుతుంది. ప్రతి తడికీ కింది సెన్సార్ విలువ పెరుగుతున్నదంటే నీటితో పాటు నత్రజని కూడా వేళ్ళకు అందకుండా పోతున్నదని గ్రహించాలి.

నేలలో అమర్చే విధానం

సెన్సార్‌కూ మట్టికీ మధ్య ఖాళీ లేకుండా చూడడం అమరికలో మొదటి సూత్రం. గాలి స్థిరాంకం 1 కనుక ఖాళీ ఉన్న చోట కెపాసిటెన్స్ సెన్సార్ తక్కువ తేమను చూపుతుంది. అదే ఖాళీ వాననీటితో నిండితే ఒక్కసారిగా ఎక్కువ చూపుతుంది. అటువంటి సెన్సార్ నేలను గాక తన చుట్టూ ఉన్న గుంతను కొలుస్తున్నదని అర్థం.

గుళికల మిశ్రమంతో చేసిన సెన్సార్లను రాత్రంతా నీటిలో నానబెట్టి, తడిగా ఉండగానే పాతాలి. సెన్సార్ మందానికి సరిపడే రంధ్రాన్ని ఆగర్‌తో తీసి, అదే లోతు నుంచి తీసిన మట్టిని నీటితో కలిపి పలుచని ముద్దగా అడుగున పోసి, సెన్సార్‌ను అందులోకి నొక్కాలి. పైభాగాన్ని కొద్దికొద్దిగా మట్టి వేస్తూ కూరాలి. గడ్డపారతో పెద్ద గుంత తీసి, వదులు మట్టితో పూడ్చడం సరికాదు.

ముళ్ళు గల కెపాసిటెన్స్ సెన్సార్లకు పక్కన ఒక గుంత తీసి, దాని కదిలించని గోడలోకి అడ్డంగా గుచ్చడం ఉత్తమం. బల్లపరుపు ముళ్ళు ఉన్నవాటిని అంచు పైకి ఉండేలా నిలువుగా తిప్పి గుచ్చాలి. వెడల్పు వైపు పైకి ఉంటే ఇంకే నీరు దానిపై నిలుస్తుంది. గుచ్చేటప్పుడు అటూ ఇటూ ఊపరాదు, ఊపితే ముళ్ళ వెంట ఖాళీ ఏర్పడుతుంది. రాయి తగిలితే బలవంతం చేయక చోటు మార్చాలి. గుంత నుంచి తీసిన మట్టిని పొరల వారీగా పట్టాపై విడివిడిగా పోసుకొని, అదే క్రమంలో, మునుపటి గట్టిదనం వచ్చేలా కూరుతూ పూడ్చాలి.

తీగ సెన్సార్ నుంచి నేరుగా పైకి వస్తే నీరు దాని వెంబడి కిందికి దిగి సెన్సార్‌ను చేరుతుంది. అందువలన తీగను ముందు సెన్సార్ కంటే కొద్దిగా కిందికి వంచి, తరువాత పైకి తీసుకురావాలి. గుంత పూడ్చిన చోట పల్లం మిగలకూడదు.

నల్లరేగడి నేలలకు మరికొంత జాగ్రత్త కావాలి. ఈ నేలలు తడిసినపుడు ఉబ్బి, ఆరినపుడు నెర్రెలు బారుతాయి. ఎండు నేలలో పాతిన సెన్సార్ చుట్టూ మట్టి సరిగా అంటుకోదు. కనుక నేల పదునుగా ఉన్నప్పుడే పాతాలి. నెర్రె సెన్సార్ పక్క నుంచే పడవచ్చు, ఎందుకంటే తవ్విన రంధ్రమే నేలలో బలహీనమైన గీత అవుతుంది. నిలువు రంధ్రానికి బదులు ఏటవాలు రంధ్రం తీస్తే ఈ ప్రమాదం తగ్గుతుంది. నెర్రెలు తీగను లాగి తెంపకుండా సెన్సార్ దగ్గర కొంత తీగను వదులుగా ఉంచాలి. ఎర్ర చల్కా నేలలలో గులకరాళ్ళు ఎక్కువ కాబట్టి ముద్ద కోసం వాడే మట్టిని జల్లించుకోవాలి.

పాతే ముందు పరీక్ష

పాతిన తరువాత లోపం కనిపెట్టడం కష్టం. అందువలన ప్రతి సెన్సార్‌నూ ప్రయోగశాలలో గాలిలో, నీటిలో, తడి ఇసుకలో ఉంచి విలువలు రాసుకోవాలి. ఒకే తడి ఇసుకలో ఉంచిన ఒకే రకపు సెన్సార్లు దాదాపు ఒకే విలువ చూపాలి; భిన్నంగా చూపిన దానిని వేరు చేయాలి. పొలంలో వాడబోయే పూర్తి పొడవు తీగతోనూ, అదే లాగర్‌తోనూ ఈ పరీక్ష జరపాలి. గుంత పూడ్చే ముందు మరొకసారి విలువ చూసుకోవాలి.

వైరింగ్‌లో గమనించవలసినవి

సెన్సార్ తన విలువను లాగర్‌కు ఏ రూపంలో పంపుతుందో ముందు తెలుసుకోవాలి. వోల్టేజి రూపంలో పంపే సెన్సార్లకు తీగ పొడవు ముఖ్యం. 0.5 చదరపు మి.మీ. రాగి తీగ 100 మీటర్లకు నిరోధం సుమారు 3.4 ఓమ్‌లు. ఒక్కొక్కటి 10 మిల్లీఆంపియర్లు తీసుకునే 5 సెన్సార్లు ఒకే గ్రౌండ్ తీగను పంచుకుంటూ ఒకేసారి పనిచేస్తే, ఆ తీగలో 50 మిల్లీఆంపియర్లు ప్రవహించి సుమారు 170 మిల్లీవోల్టుల తేడా ఏర్పడుతుంది. సెన్సార్ విలువల పరిధి మొత్తం 1000 మిల్లీవోల్టులు అయితే ఈ తేడా అందులో 17 శాతం. నేలలో ఏ మార్పూ లేకుండానే లాగర్ తేమ పెరిగినట్లు చూపుతుంది. సెన్సార్లకు ఒకదాని తరువాత ఒకటిగా విద్యుత్తు ఇస్తే తేడా 34 మిల్లీవోల్టులకు తగ్గుతుంది. తీగ పొడవు తగ్గించడం, మందమైన తీగ వాడడం, లాగర్‌లో రెండు తీగల మధ్య వ్యత్యాసాన్ని కొలిచే పద్ధతి ఎంచుకోవడం ఇతర మార్గాలు.

4–20 మిల్లీఆంపియర్ల రూపంలో పంపే సెన్సార్లకు తీగ నిరోధం వలన ఇటువంటి తేడా రాదు. వీటికి మరొక సుగుణం ఉన్నది. అత్యల్ప విలువకు కూడా 4 మిల్లీఆంపియర్లు ప్రవహిస్తాయి కనుక, తీగ తెగి ప్రవాహం సున్నా అయితే అది ఎండు నేల కాదని, తీగ లోపమని వెంటనే తెలుస్తుంది.

ఎస్‌డిఐ-12 పద్ధతిలో విద్యుత్తు, గ్రౌండ్, డేటా అనే మూడు తీగలపై అనేక సెన్సార్లను కలపవచ్చు. తీగ పొడవు సుమారు 60 మీటర్ల లోపు ఉంచుకోవడం శ్రేయస్కరం. చాలా సెన్సార్లు తయారీదారు నుంచి 0 అనే చిరునామాతో వస్తాయి. ఒకే చిరునామా గల రెండు సెన్సార్లను ఒకే తీగపై కలిపితే రెండూ ఒకేసారి జవాబిచ్చి లాగర్‌కు ఏదీ అర్థం కాదు. కనుక ఒక్కొక్క దానిని విడిగా కలిపి చిరునామా మార్చి, దానిని తీగపై రాసిన తరువాతనే పొలానికి తీసుకువెళ్ళాలి. దూరం ఎక్కువైతే ఆర్‌ఎస్-485 పద్ధతి అనుకూలం. ఇందులో మెలితిప్పిన జంట తీగలను ఒక సెన్సార్ నుంచి మరొక దానికి వరుసగా తీసుకువెళ్ళి, రెండు చివరలా 120 ఓమ్‌ల నిరోధకం కలపాలి. తీగ రంగుల అర్థం తయారీదారును బట్టి మారుతుంది. కాబట్టి రంగును నమ్మక వివరణ పత్రాన్ని చూసి కలపాలి.

విద్యార్థుల ప్రాజెక్టులలో వాడే చవక నిరోధక సెన్సార్ల ముళ్ళు ఏకముఖ విద్యుత్తు నిరంతరం ప్రవహించడం వలన త్వరగా తుప్పుపట్టి కరిగిపోతాయి. విలువ చదివే కొద్ది క్షణాలు మాత్రమే విద్యుత్తు ఇవ్వాలి. చవక కెపాసిటెన్స్ పలకల పైభాగంలోని ఎలక్ట్రానిక్ భాగానికి, కోసిన అంచులకు నీరు చొరని పూత వేయకుండా నేలలో పాతరాదు.

జాయింట్లు, తీగ రక్షణ

మట్టిలో కప్పే జాయింట్లు లేకుండా చూడడం అన్నిటికంటే మంచిది. తప్పనప్పుడు తీగలను టంకం వేసి, లోపల జిగురు పూత ఉన్న హీట్ ష్రింక్ గొట్టంతో గానీ, జెల్ నింపిన కనెక్టర్లతో గానీ మూయాలి. కేవలం ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింటు మట్టి తేమకు నిలవదు. ఒకే చోట అన్ని తీగలనూ అతకకుండా, అతుకులను కొద్ది ఎడంతో వేస్తే అవి ఒకదానికొకటి తగిలే ప్రమాదం తగ్గుతుంది.

తీగలను హెచ్‌డీపీఈ లేదా పీవీసీ గొట్టంలో వేసి, దుక్కి, రోటవేటర్ అందని లోతులో, సుమారు 45 సెం.మీ. కింద పూడ్చాలి. ఎలుకలు, పందికొక్కులు చొరబడకుండా గొట్టం చివరలను మూసివేయాలి. తీగ వెళ్ళిన దారిని గట్టుపై రాళ్ళతో గుర్తించి, రైతుకూ, ట్రాక్టరు నడిపే వారికీ చూపించాలి.

బోరు మోటారు కేబుల్ పక్కనే సెన్సార్ తీగను వేస్తే మోటారు ఆన్, ఆఫ్ అయినపుడు విలువలు ఎగసిపడతాయి. రెండింటినీ వేర్వేరు కాలువలలో వేయాలి. దాటవలసి వస్తే లంబకోణంలో దాటించాలి. లోహపు తొడుగు గల తీగలో ఆ తొడుగును లాగర్ వైపు మాత్రమే ఎర్త్ చేయాలి. రెండు చివరలా చేస్తే దాని గుండా ప్రవాహం ఏర్పడి విలువలు చెడతాయి. పిడుగుల కాలంలో పొడవైన తీగలు సర్జ్‌ను లాగర్‌లోకి మోసుకువస్తాయి కనుక సర్జ్ నిరోధకాలు, ఎర్త్ రాడ్ తప్పనిసరి.

తీగ లోపం తేమ విలువగా కనిపించినపుడు

నిరోధక సెన్సార్లలో తీగ తెగితే నిరోధం అనంతమవుతుంది. మీటరు దానిని అత్యంత ఎండు నేలగా చూపుతుంది. తీగలు ఒకదానికొకటి తగిలినా, జాయింటులో నీరు చేరినా నిరోధం తగ్గి పూర్తిగా తడిసిన నేలగా చూపుతుంది. మనిషి చూసే చోట ఈ లోపం నేడో రేపో బయటపడుతుంది. కానీ సెన్సార్ విలువను బట్టి వాల్వు తనంతట తాను తెరుచుకునే ఏర్పాటులో మొదటి లోపం వలన బోరు ఆగకుండా పారుతుంది, రెండవ లోపం వలన పంట ఎండుతుంది. కనుక రేఖాచిత్రంలో ఈ కింది గుర్తులను పట్టుకోవడం అవసరం.

• వాన పడిన నిమిషాలలో కింది సెన్సార్ పై దానికంటే ముందు పెరిగితే, నీరు రంధ్రం లేదా తీగ వెంట దిగుతున్నదని భావించాలి.

• తడి ఇచ్చినా విలువలో మార్పు లేకపోతే తీగ తెగడం, డ్రిప్పర్ మూసుకుపోవడం అనే రెండింటినీ పరిశీలించాలి.

• మోటారు నడిచే వేళలలోనే విలువలు ఎగసిపడితే కారణం విద్యుత్ జోక్యం.

• ప్రతిరోజూ మధ్యాహ్నం పెరిగి రాత్రి తగ్గే చిన్న అలలు సాధారణంగా ఉష్ణోగ్రత ప్రభావం. రోజూ సూర్యోదయానికి ముందు ఒకే వేళ తీసిన విలువలను పోల్చడం మంచిది.

• పొటాష్, నైట్రేటు లవణాలను డ్రిప్ ద్వారా ఇచ్చిన వెంటనే కెపాసిటెన్స్ సెన్సార్ విలువ అనూహ్యంగా పెరిగితే అది లవణాల ప్రభావం కావచ్చు.

స్వయంచాలక వాల్వులు ఉన్న చోట, సాధ్యం కాని విలువ వచ్చినపుడు వాల్వు తెరవకుండా హెచ్చరిక పంపే ఏర్పాటు, ఒక తడికి గరిష్ఠ వ్యవధి, కనీసం రెండు సెన్సార్లు ఏకీభవించాలనే నియమం ఉండాలి.

నేలతో సరిచూడడం

తయారీదారు ఇచ్చే సమీకరణం సాధారణ ఖనిజ నేలలకు ఉద్దేశించినది. బంకమట్టి ఎక్కువగా ఉన్న నల్లరేగడిలో అది సరిపోకపోవచ్చు కాబట్టి ఆ నేలకే క్రమాంకనం చేయవలసి ఉంటుంది. సెన్సార్ పక్కన అదే లోతు నుంచి నిర్ణీత ఘనపరిమాణం గల లోహపు స్థూపంతో మట్టి తీసి, 105 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఆరబెట్టి తూచాలి. ఎండు నేల, పదును నేల, తడి నేల అనే స్థితులన్నిటిలోనూ ఇలా చేసి విలువలను పోల్చాలి.

ఇక్కడ ఒక పొరపాటుకు ఆస్కారం ఉన్నది. 100 ఘనపు సెం.మీ. మట్టి తడిగా 152 గ్రాములు, ఆరిన తరువాత 128 గ్రాములు తూగిందనుకుందాం. నీరు 24 గ్రాములు. బరువు ప్రకారం తేమ 18.75 శాతం, ఘనపరిమాణం ప్రకారం 24 శాతం. సెన్సార్ చూపేది రెండవది. మొదటి దానితో పోల్చి సెన్సార్ తప్పు చూపుతున్నదని నిర్ధారించడం పొరపాటు. బరువు ప్రకారం వచ్చిన తేమను స్థూల సాంద్రతతో, ఇక్కడ 1.28తో, హెచ్చించిన తరువాతనే పోల్చాలి.

రికార్డు, అప్పగింత

ప్రతి సెన్సార్‌కూ వరుస సంఖ్య, చిరునామా, లోతు, డ్రిప్పర్ నుంచి దూరం, నేల రకం, పాతిన తేదీ, తీగ రంగులు, పరీక్షలో వచ్చిన విలువలు ఒక పట్టికలో ఉండాలి. తీగ రెండు చివరలా చెరగని గుర్తులు కట్టాలి. గుంత పూడ్చక ముందు తీసిన ఫోటో తరువాతి కాలంలో ఎంతో ఉపయోగపడుతుంది. పాతిన తరువాత కదిలిన మట్టి సర్దుకోవడానికి రెండు మూడు తడులు పడతాయి. అప్పటివరకు వచ్చిన విలువలను నీటి నిర్ణయాలకు వాడరాదు.

రైతు పొలంలో అమర్చినపుడు మొదటి కొన్ని వారాలు సెన్సార్ విలువతో పాటు మట్టిని చేతితో పిడికిలి పట్టి చూడడం కొనసాగించాలి. చేయి ఒక మాట, సెన్సార్ మరొక మాట చెప్పినపుడు ముందుగా తీగనూ, జాయింటునూ, సెన్సార్ చుట్టూ ఉన్న మట్టినీ పరిశీలించాలి. అవి సరిగా ఉన్నాయని తేలిన తరువాతనే విలువను నమ్మి తడి నిర్ణయించాలి. ఒకసారి తప్పు విలువ వలన పంట నష్టపోయిన రైతు రెండవసారి సెన్సార్‌ను నమ్మడు. ఆ నమ్మకం అమరిక రోజున తీసుకునే జాగ్రత్తపైనే ఆధారపడి ఉంటుంది.